ఇరవయ్యో రోజు కుండ ఎవరు నింపుతారు?

ఉగాది దాటిందంటే నాందేడ్‌లో ఎండ ముదురుతుంది. మే నెలలో 43 డిగ్రీలంటే మనకు కొత్త సంగతేం కాదు. ఆ రోజుల్లో బస్టాండు దగ్గర, బజారు మలుపుల్లో, గుళ్ల ముందర చలివేంద్రాలు వెలుస్తాయి. మరాఠీవాళ్లు పాణపోయి అంటారు. మొదటి రోజు చూడముచ్చటగా ఉంటుంది. కొత్త పందిరి, ఎర్రటి కుండలు, వాటి చుట్టూ తడి గోనెపట్టా, నీళ్లు ముంచి పోయడానికి పోటీపడే పదిమంది కుర్రాళ్లు.

అదే చోటికి ఇరవయ్యో రోజు వెళ్లండి. గోనె ఎండి బిరుసెక్కి ఉంటుంది. కుండ మీద మూత ఉండదు. అడుగున చెంబెడు నీళ్లు, వాటిలో రాలిన వేపాకు. ఆటో దిగిన ముసలాయన ఒకరు వచ్చి కుండలోకి తొంగి చూస్తాడు. గ్లాసు మళ్లీ బోర్లించి, తువ్వాల తలకు చుట్టుకుని వెళ్లిపోతాడు.

ఆ పదిమందీ చెడ్డవాళ్లా? కానే కాదు. మంచి మనసుతోనే మొదలుపెట్టారు. పరీక్షలొచ్చాయి, ఒకడు పుణె వెళ్లాడు, ఇంకొకడు 'వాడు నింపుతాడులే' అనుకున్నాడు. ఆరంభశూరత్వం అనే మాట మన భాషలో ఊరికే పుట్టలేదు. ఊరికి ఏదైనా చెయ్యాలని మీకుంది కదా? మొదటి రోజు ఉత్సాహం మీకు ఎలాగూ ఉంటుంది, దాన్ని నేను నేర్పక్కర్లేదు. ఈ అధ్యాయం ఇరవయ్యో రోజు కోసం.

మన ఊళ్లోనే ఉన్న బడి

సేవ ఎలా చెయ్యాలో నేర్చుకోవడానికి మనం ఎక్కడికీ పోనక్కర్లేదు. నాందేడ్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకు హుజూర్ సాహిబ్ తెలియకుండా ఉండదు. 1708లో గురు గోవింద్ సింగ్ తనువు చాలించిన చోటు అది. ఇప్పుడున్న గురుద్వారాను 1832-37 మధ్య మహారాజా రంజిత్ సింగ్ కట్టించారు. సిక్కుల అయిదు తఖ్తుల్లో, అంటే అత్యున్నత పీఠాల్లో, ఒకటి. మీరు చాలాసార్లు వెళ్లే ఉంటారు. ఈసారి దండం పెట్టుకున్నాక కాసేపు నిలబడి, అక్కడ పని ఎలా జరుగుతుందో చూడండి.

రోజూ తెల్లవారకముందే ఒక సింగ్ గోదావరికి వెళ్లి గాగరలో, అంటే బిందెలో, నీళ్లు మోసుకొస్తాడు. ఆయన్ని గాగరియా సింగ్ అంటారు. లోపల శుద్ధి చేసేది ఆ నీళ్లతోనే. వాన పడినా, చలి కొరికినా, పండుగైనా, మామూలు రోజైనా నీళ్లు రావాల్సిందే. అందరికీ అన్నం పెట్టే లంగర్‌లో చూడండి. పిండి ముద్దలు చేసేవాళ్లు కొందరు, ఒత్తేవాళ్లు కొందరు, కాల్చేవాళ్లు కొందరు. వరుసగా కింద కూర్చున్నవాళ్లు రెండు చేతులూ చాపితే రోటి పెడతారు. జోడా ఘర్‌లో చెప్పులు తీసుకుని టోకెన్ ఇచ్చే మనిషి బయట ఏం ఉద్యోగం చేస్తాడో ఎవరూ అడగరు. మీరు ఒక గంట కూర్చుని రొట్టెలు ఒత్తి లేస్తే, మీ పీట మీద ఇంకొకరు కూర్చుంటారు. మీ పేరు ఎక్కడా ఉండదు, రొట్టె మాత్రం ఆగదు.

నాందేడ్ నుంచి అమృత్‌సర్ వెళ్లే సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాళ్లకు ఇంకో సంగతి తెలుసు. దారిలో కొన్ని స్టేషన్లలో సేవకులు పప్పు, రోటీ పట్టుకుని ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉంటారు. ప్రయాణికులు ఇంటి నుంచే గిన్నెలు తెచ్చుకుంటారు. బండి ఆగేది కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాలకు అన్నం సిద్ధంగా ఉండాలంటే, ఎవరో ఎన్ని గంటల ముందు లేచి పొయ్యి వెలిగించి ఉండాలి?

నేను అక్కడ నేర్చుకున్నది ఇదీ: పనిని చిన్న ముక్కలు చెయ్యాలి, వేళ తప్పకూడదు, ఒకరు లేస్తే ఇంకొకరు కూర్చునేలా ఉండాలి. ఇక మన పనిలోకి వద్దాం.

1. వారానికి రెండు గంటలు పక్కన పెట్టండి, అంతకంటే ఎక్కువ వద్దు

'నాకు టైం ఎక్కడుంది?' అంటారు మీరు. లెక్క చూద్దాం. జాతీయ సేవా పథకం, అదే ఎన్‌ఎస్‌ఎస్, గాంధీజీ శతజయంతి ఏడాదిలో 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేలమంది విద్యార్థులతో మొదలైంది. అందులో చేరిన విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు పనిచెయ్యాలి. ఏడాదికి 120. వారానికి పంచితే రెండు గంటల ఇరవై నిమిషాలకు కాస్త తక్కువే. ఒక సినిమా అంత.

మన నాందేడ్‌లోని స్వామి రామానంద తీర్థ మరాఠ్వాడా విశ్వవిద్యాలయం కింద నాందేడ్, లాతూర్, పర్భణీ, హింగోలీ జిల్లాల కాలేజీలున్నాయి. మీ కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ ఉంటే ముందు అందులో చేరండి. ఏడు రోజుల శిబిరం తప్పించుకోకండి. ఒక పల్లెలో వారం రోజులు ఉండి, పొద్దున్నే కాలువ పూడిక తీసి, రాత్రి బడి వరండాలో పడుకుంటే తెలిసే విషయాలు ఏ పుస్తకంలోనూ దొరకవు.

చాలామంది చేసే తప్పు ఒకటుంది. మొదటి నెల రోజూ నాలుగు గంటలు తిరుగుతారు, రెండో నెలలో కనబడరు. రెండు గంటలని రాసుకుంటే రెండు గంటలే చెయ్యండి. పని మిగిలిపోతే మిగలనివ్వండి, వచ్చే వారం దాని కోసమే వెళ్తారు.

2. ఏం కావాలో అడగండి, మీ దగ్గరున్నది మోసుకుపోకండి

గోదావరికి వరదొచ్చి ఒడ్డున ఇళ్లు మునిగాయనుకోండి. మీరు స్నేహితులతో కలిసి ఇల్లిల్లూ తిరిగి పాత బట్టలు పోగుచేశారు. టెంపోలో వేసుకుని వెళ్లారు. అక్కడ అప్పటికే బడి గదిలో పాత బట్టలు గుట్టగా పడున్నాయి. వాళ్లకు కావలసింది దోమతెర, పసిపిల్లకు పాలపొడి, తడిసిపోయిన రేషన్ కార్డు మళ్లీ తెచ్చుకునే దారి. ఎవరూ మిమ్మల్ని పొమ్మనలేదు, మర్యాదగా తీసుకుని గుట్ట మీద వేశారు. మీ రోజు, మీ డీజిలు, వాళ్ల గది, మూడూ వృథా.

ముందు ఇద్దరు వెళ్లండి, చేతులూపుకుంటూ వెళ్లండి. ఆశా తాయిని అడగండి, బడి మాస్టారును అడగండి, ముఖ్యంగా ఇంటి ఆడవాళ్లను అడగండి. 'ఈ వారం మీకు అన్నిటికంటే కష్టమైన పని ఏంటి?' అనే ప్రశ్న చాలు. జవాబు రాసుకుని ఇంటికి రండి.

వరద మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి: నీళ్లలోకి మీరు దిగొద్దు. ఈత వచ్చినా సరే. దానికి తర్ఫీదు పొందినవాళ్లున్నారు. ఒడ్డున పేర్లు రాసుకోవడం, తప్పిపోయినవాళ్ల కోసం ఫోన్లు చెయ్యడం, పొట్లాలు కట్టడం మీ పని.

3. మీ రెండు భాషలను పనిలో పెట్టండి

నా మనసుకు అన్నిటికంటే దగ్గరైన సలహా ఇది. అందుకని కాస్త ఎక్కువ చెప్తాను.

దెగ్లూర్, బిలోలీ, ధర్మాబాద్, కిన్వట్ వైపు ఎన్నో ఊళ్లలో ఇంటి భాష తెలుగే. సరిహద్దు అవతల భైంసా, ముధోల్ వాళ్లు కూడా జబ్బు చేస్తే నాందేడ్ దారి పడతారు. మీకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, వీధిలో హిందీ పుట్టుకతో వచ్చినట్టు వచ్చాయి. అది గొప్పని మీకు ఎప్పుడూ అనిపించి ఉండదు. ఆసుపత్రి వరండాలో ఒక్క గంట నిలబడితే తెలుస్తుంది. ఎనభై కిలోమీటర్లు బస్సులో వచ్చిన అవ్వ, చేతిలో కేస్ పేపర్, దాని మీద మరాఠీలో నాలుగు ముక్కలు. ఏ గదికి పోవాలో తెలియదు. అడిగితే వచ్చే జవాబు అర్థం కాదు. పక్కన నిలబడి 'అవ్వా, ఏడికి పోవాలె?' అని మీరు అడిగిన క్షణం ఆమె మొహం చూడండి.

ఇది ఎలా మొదలుపెట్టాలి? మీ అంతట మీరు వెళ్లి తిరగకండి. ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రుల్లో సమాజసేవా అధీక్షకులని ఉద్యోగులుంటారు. వాళ్లను కలిసి, 'మేం నలుగురం, ప్రతి మంగళవారం పది నుంచి పన్నెండు దాకా ఓపీడీ దగ్గర ఉంటాం, తెలుగు పేషెంట్లకు సాయం చేస్తాం' అని చెప్పి అనుమతి అడగండి. కాలేజీ గుర్తింపు కార్డు మెళ్లో వేసుకోండి.

తర్వాత దారి తెలుసుకోండి. పేదవాళ్లకు పెద్ద ఆపరేషన్ అవసరమైతే మహాత్మా జ్యోతిరావు ఫులే జన ఆరోగ్య యోజన ఉంది. మన తెలుగునాట 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ లాంటిదే. మహారాష్ట్రలో 2012 జూలైలో రాజీవ్ గాంధీ పేరుతో ముందు ఎనిమిది జిల్లాల్లో మొదలుపెట్టారు, ఆ ఎనిమిదిలో నాందేడ్ ఒకటి. 2017లో ఫులే పేరు పెట్టారు. పథకం ఉన్న ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్ర అనే మనిషి కూర్చునే బల్ల ఉంటుంది. రేషన్ కార్డు, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు పట్టుకుని పేషెంటును తిన్నగా ఆ బల్ల దగ్గరకు తీసుకెళ్లండి. ఈ ఒక్క సంగతి తెలియక అప్పు చేసి డబ్బు కట్టినవాళ్లు ఎందరో.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను, మీరు చెయ్యకూడదని. ఒక పెద్ద ఆసుపత్రిలో ఒక అవ్వకు డాక్టరు మాట తెలుగులో చెబుతున్నాను. వెనక క్యూ పెరుగుతోంది, నాకూ తొందరగా ఉంది. డాక్టరు జేవణాఆధీ అన్నారు, అంటే తినకముందు. నేను 'తిన్నంక ఏసుకో అవ్వా' అన్నాను. జేవణానంతర్ అన్నట్టు వినబడింది. రెండు వారాలకు ఆమె మళ్లీ వచ్చింది. కడుపులో మంట అట్లాగే ఉందంది. గోలీ ఎప్పుడు వేసుకుంటున్నావని అడిగితే, 'నువ్వే చెప్తివి గద బిడ్డా, తిన్నంక' అంది. ఆమెకు నా మీద కోపం లేదు. అది నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. డాక్టరు చెప్పింది తెలుగులో చెప్పాక, 'అవ్వా, ఇప్పుడు నువ్వు నాకు చెప్పు, ఈ గోలీ ఎప్పుడెప్పుడు ఎయ్యాలె?' అని అడుగుతాను. ఆమె తన మాటల్లో తిరిగి చెప్పేదాకా లేవను. అనుమానం ఉంటే డాక్టరును రెండోసారి అడుగుతాను, ఆయన విసుక్కున్నా సరే. మీరూ ఇట్లాగే చెయ్యండి. ఇంకో రెండు జాగ్రత్తలు: డాక్టరు అననిది ఒక్క ముక్క కూడా కలపకండి, ధైర్యం చెప్పడానికైనా. ఎవరి జబ్బు సంగతీ బయట చెప్పకండి.

ఆసుపత్రి మీకు పడకపోతే సర్కారు కాగితాలిచ్చే సేతు కేంద్రం ఉంది. ఉత్పన్నాచా దాఖలా, అంటే ఆదాయ ధ్రువపత్రం కోసం, సంజయ్ గాంధీ నిరాధార్ యోజన, శ్రావణబాళ్ యోజన పింఛన్ల కోసం తెలుగు ముసలివాళ్లు కాళ్లరిగేలా తిరుగుతుంటారు. చాలాసార్లు ఆగేది ఒక్క జిరాక్స్ కోసమో, ఆధార్‌లో ఒకలాగ, రేషన్ కార్డులో ఇంకోలాగ ఉన్న పేరు కోసమో. కాగితాలన్నీ ముందు రోజే పక్కపక్కన పెట్టి పేర్లు సరిచూడండి. సగం పని అక్కడే అయిపోతుంది.

4. రాలేని రోజుకు మనిషిని ముందే చూసుకోండి

మళ్లీ మన చలివేంద్రానికి వద్దాం. ఉగాది నుంచి తొలకరి దాకా దాదాపు డెబ్బై రోజులు. ఏడుగురుంటే ఒక్కొక్కరికి వారంలో ఒక రోజు, మొత్తం మీద పది రోజులు. ఇంకో ఇద్దరు ఎవరైనా రాలేనప్పుడు వచ్చేవాళ్లు. అంతే, తొమ్మిదిమందితో వేసవి గడిచిపోతుంది. రాలేనివాడు ముందు రాత్రే ఆ ఇద్దరిలో ఒకరికి ఫోన్ చెయ్యాలి. గ్రూపులో 'ఎవరైనా వెళ్తారా?' అని పెట్టకూడదు. ఎవరైనా అన్నామంటే ఎవరూ వెళ్లరు.

కుండ పనీ చెప్తాను, ఎందుకంటే ఇది ఎవరూ చెప్పరు. కొత్త కుండను ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. కింద ఇసుక పోసి, తడిపి, దాని మీద పెట్టండి. నీడ ఉండాలి, గాలీ ఆడాలి. గాలి ఆడితేనే చెమర్చిన నీళ్లు ఆరుతూ లోపలి నీళ్లను చల్లబరుస్తాయి. గోనెను రోజుకు మూడుసార్లు తడపాలి. పొద్దున్నే పాత నీళ్లు పారబోసి, కొబ్బరి పీచుతో రుద్ది కడగండి. సబ్బు తగలనివ్వకండి, మట్టి పీల్చుకుంటుంది, మూడు రోజులు నీళ్లు వాసనేస్తాయి. ముంచడానికి పొడవు కాడ ఉన్న గరిటె పెట్టండి, గ్లాసుతో ముంచనివ్వకండి. మధ్యాహ్నం ఒంటిగంటకు రెండోసారి నింపాలి. దాహం ఎక్కువగా ఉండేదీ, నింపేవాళ్లు ఇంట్లో పడుకునేదీ ఆ వేళే. నీళ్ల కోసం పక్క దుకాణం ఆయనతో మొదటి రోజే మాట్లాడుకోండి.

5. డబ్బు ముట్టుకుంటే ఆ రోజే రాయండి

వంద రూపాయలైనా సరే. ఎవరిచ్చారు, దేనికి ఖర్చయింది, చిట్టీ ఎక్కడుంది. డబ్బు ఒకరి దగ్గర, పుస్తకం ఇంకొకరి దగ్గర ఉండాలి. నెలకోసారి ఇచ్చినవాళ్లందరికీ చూపించండి. స్నేహాలు చెడేది ఎక్కువగా ఇక్కడే. దొంగతనం వల్ల కాదు, మరిచిపోవడం వల్ల.

6. చీపురు ముందు, ఫొటో తర్వాత

సంత్ గాడ్గే బాబా ఏ ఊరికి వెళ్లినా ముందు చీపురు పట్టి ఆ ఊరి వీధులు ఊడ్చేవారు. సాయంత్రం కీర్తన. 1956లో కన్నుమూసేదాకా ఆయన తీరు అదే. పొద్దున ఊడ్చిన మనిషి సాయంత్రం శుభ్రత గురించి చెబితే జనం విన్నారు, ఎందుకు వినరు?

ఫొటో తప్పని నేనను. పని అయ్యాక, చోటు ఫొటో తియ్యండి. గణపతి నిమజ్జనమప్పుడు గోవర్ధన్ ఘాట్ దగ్గర నిర్మాల్యం పోగుచేశారనుకోండి. పూలదండల్లోంచి దారాలు, తీగలు, ప్లాస్టిక్ వేరుచేశాక మిగిలిన పూలకుప్ప ఫొటో తియ్యండి. (చేతులకు గ్లవుజులు వేసుకోండి, దండల్లో గుండుసూదులుంటాయి.) ఇక్కడ మనం నదిలో వెయ్యనివ్వనిది దిగువన బాసరలో స్నానం చేసేవాళ్ల కాళ్లకు తగలదు. ఆ ఫొటో చూసి ఇంకో నలుగురు వస్తారు. కానీ చెయ్యి చాచి అన్నం తీసుకుంటున్న మనిషి మొహం మాత్రం తియ్యొద్దు. ఆ చోట మీ అమ్మ ఉంటే తీస్తారా?

7. రక్తం ఇవ్వండి, తేదీ రాసుకోండి

18 ఏళ్లు నిండి, 45 కిలోలకు తగ్గకుండా ఉండి, హిమోగ్లోబిన్ 12.5 ఉంటే మీరు రక్తం ఇవ్వొచ్చు. మగపిల్లలు మూడు నెలలకోసారి, ఆడపిల్లలు నాలుగు నెలలకోసారి. ఖాళీ కడుపుతో వెళ్లకండి. ఇక్కడా ఇరవయ్యో రోజు సంగతే. రక్తదాన దినమైన అక్టోబరు 1న, నాయకుల పుట్టినరోజున వందలమంది ఇస్తారు. కానీ ఎర్ర రక్తకణాలు దాదాపు ఆరు వారాలకు మించి నిలవవు, ప్లేట్‌లెట్లు అయిదు రోజులే. ఎండాకాలం సెలవుల్లో కాలేజీలు మూసేస్తే ఇచ్చేవాళ్లు తగ్గిపోతారు. మీ బృందంలో పన్నెండుమంది ఉంటే ఒకే రోజు అందరూ ఇవ్వకండి, వారానికొకరు వెళ్లండి.

8. ఇంట్లో చెప్పి వెళ్లండి

ముఖ్యంగా ఆడపిల్లలకు చెప్తున్నాను. ఎక్కడికి, ఎవరితో, ఎన్ని గంటలకు తిరిగి వస్తారో ఇంట్లో చెప్పండి. జంటగా వెళ్లండి. నాన్న ఒప్పుకోకపోతే వాదన పెట్టుకోకండి, ఒక మంగళవారం ఆయన్నే వెంట తీసుకెళ్లండి. అక్కడ తెలుగు మాట్లాడే ముసలాయన ఒకరు మీ చెయ్యి పట్టుకుని 'ఎవరి బిడ్డవే?' అని అడిగితే, జవాబు మీ నాన్నే చెప్తారు.

ఇక లేవండి. ఒక తెల్ల కాగితం తీసుకుని ఏడు గళ్లు గీయండి. ఒక్కో గడి పైన వారం పేరు రాయండి. మీ పేరు ఒక్క గడిలోనే రాయండి, రెండు వద్దు. ఈ రాత్రికి ఫోన్ చేసి అడగగలిగినవాళ్ల పేర్లు తర్వాత రాయండి. నాలుగో అయిదో నిండుతాయి. మిగిలిన గళ్లను ఖాళీగానే ఉంచి, ఆ కాగితం జేబులో పెట్టుకుని రేపు కాలేజీకి వెళ్లండి. గేటు దగ్గర టీ తాగేవాళ్లలో ఇద్దర్ని అడగండి: 'గురువారం పొద్దున ఏడింటికి అరగంట వస్తావా? కుండ కడగాలి.'